కడుపునొప్పితో పడవెక్కినవాడు

"మీ సెన్సారుకి చత్వారం వచ్చినట్టుంది మేడమ్," అన్నాడు గైడు.

"ముందు మీ జా పళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి," అంది ప్యానెల్ మేడమ్, లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే.

ఇద్దరి మధ్యా బెల్టు మీద బిస్కెట్ ప్యాకెట్లు వరసగా నడిచొస్తున్నాయి. ఒక్కదానికీ మూతి తిన్నగా లేదు. అన్నీ ఎవరి మీదో అలిగినట్టు ఓ పక్కకి తిప్పుకుని ఉన్నాయి.

సముద్రాలు దాటి వాళ్లిద్దరూ ఆ పరాయి దేశపు ఫ్యాక్టరీకి వచ్చింది ఈ ప్యాకింగ్ మెషిన్ని నిలబెట్టడానికే. జా అంటే ప్యాకెట్టు అంచుని రెండు వైపులా పట్టి, వేడితో నొక్కి అతికించే ఇనుప పట్టీలు. అది మెకానికల్ వాళ్ల సొత్తు, అంటే గైడుది. సెన్సారు అంటే ర్యాపరు ఎక్కడ తెగాలో కనిపెట్టే చిన్న కన్ను. అది కంట్రోల్ ప్యానెల్ చూసేవాళ్ల సొత్తు, అంటే ఆమెది. కాబట్టి ప్యాకెట్టు మూతి వంకర పోతే తప్పు ఎవరిదన్నది ఆ ఇద్దరూ తేల్చుకోవలసిన సంగతి. పొద్దుట్నించీ తేల్చుకుంటూనే ఉన్నారు.

"రాసివ్వమంటారా? నూటికి నూరు పాళ్లూ సెన్సారే," అన్నాడు గైడు గుండె మీద చెయ్యి వేసుకుని.

ఆమె మెషిన్ ఆపించి, స్క్రూడ్రైవరు తీసి అతని చేతిలో పెట్టింది. అతను జా విప్పాడు. లోపల ఉన్న హీటరు ఒకటి కాలి బొగ్గైపోయి ఉంది.

"ఇది... ప్రయాణంలో పాడై ఉంటుందండీ," అన్నాడు గైడు, గొంతు బాగా తగ్గించి.

"అవునవును. పాపం దానికి విమానం పడలేదేమో," అంది ఆమె.

గైడు అన్నది అతని అసలు పేరు కాదు. ఎన్నడూ కాలు పెట్టని ఊళ్ల గురించి కూడా కళ్లారా చూసొచ్చినట్టు చెప్పడం వల్ల ఆఫీసులో ఆ పేరు స్థిరపడిపోయింది. ఎవరైనా సెలవు పెడితే చాలు, ఎక్కడ బస్సు మారాలో, ఏ వైపు కిటికీ దగ్గర కూర్చుంటే కొండ కనపడుతుందో అడక్కుండానే చెప్పేవాడు. తను మాత్రం సెలవులన్నీ ఇంట్లో పడుకుని గడిపేవాడు. అలాంటివాడికి మొదటిసారి విదేశీ ప్రయాణం తగిలింది. ఇంక కోతలకి హద్దు ఉంటుందా?

"నది, వంతెన, మ్యూజియం, కొండ మీద కోట... ఏదీ వదలను," అని ఇంట్లో వాళ్లని కూర్చోబెట్టి మరీ చెప్పాడు. వాళ్లమ్మ అపార్ట్‌మెంట్ మొత్తానికి చెప్పింది. అక్క తన అత్తవారింట్లో చెప్పింది.

బావ మాత్రం, "పని మీద వెళ్తున్నావా, యాత్రకి వెళ్తున్నావా?" అని ఓ చురక అంటించాడు.

అదే ప్రశ్న మేనేజరు కూడా వేశాడు. ఆయన గొంతులో వేళాకోళం లేదు. "మెషిన్ నడిచేదాకా ఫ్యాక్టరీ, హోటలు, అంతే. ఊరు తిరుగుతున్నారని నా చెవిన పడిందో, చూడండి మరి," అన్నాడు.

ఆ లెక్కన గైడు ఇంతవరకూ చూసిన విశేషాలు: హోటల్ గదిలో బాత్‌టబ్బు, ఫ్యాక్టరీ గేటు, టాక్సీ కిటికీలోంచి ఓ గోపురం తాలూకు తోక. వీటి ఫోటోలే ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. బాత్‌టబ్బు ఫోటో కింద బావ, "ఇదేనా నువ్వు చెప్పిన నది?" అని రాశాడు.

కొత్త హీటరు మర్నాడు పొద్దున గాని రాదని తేలింది. అంటే ఆ మధ్యాహ్నం చెయ్యడానికి ఏమీ లేదు. గైడు మనసు నది మీదికి పోయింది. ఇక్కణ్ణించి అక్కడికి బస్సులో కాసేపటి ప్రయాణం. కానీ మేడమ్? ఆమె సైటుకి వచ్చిందంటే పనే లోకం. ఇస్త్రీ నలగని చొక్కా, ఇస్త్రీ నలగని ముఖం. ఈమెకి తెలిస్తే మేనేజరుకి తెలిసినట్టే అనుకున్నాడు.

పొట్ట పట్టుకుని మెల్లగా వంగాడు. "మేడమ్, ఎందుకో కడుపులో తిప్పుతోందండీ. హోటల్‌కి వెళ్లి పడుకుంటాను."

"అయ్యో, వెళ్లండి వెళ్లండి," అంది ఆమె చటుక్కున. "నేనూ రిపోర్టు రాసుకోవాలి. గదిలోంచి కదలను. మీరూ కదలకండి."

ఆమె జాలికి అతని మనసు కాస్త చివుక్కుమంది. బస్సు రాగానే సర్దుకుంది.

పడవల రేవు దగ్గర పెద్ద క్యూ. ఆకాశం మూసుకుని ఉంది. అయినా గైడు నల్లకళ్లద్దాలు పెట్టుకున్నాడు, ఎవరైనా గుర్తుపడతారేమోనని. ఆ మబ్బు వేళ నల్లకళ్లద్దాలు పెట్టుకున్నది అక్కడ అతనొక్కడే కావడంతో క్యూలో ఉన్న ప్రతి ఒక్కరూ ఓసారి తిరిగి చూశారు. ముందున్న రెయిన్‌కోటు కూడా టికెట్టు తీసుకుని వెనక్కి తిరిగింది.

రెయిన్‌కోటు లోపల ప్యానెల్ మేడమ్.

ఇద్దరూ తేలు కుట్టిన దొంగల్లా నిలబడిపోయారు.

ముందు ఆమే తేరుకుంది. "కడుపునొప్పి ఎలా ఉందండీ?"

"తగ్గుముఖం పట్టిందండీ. రిపోర్టు ఎంతవరకూ వచ్చింది?"

"సగం అయింది."

"ఇక్కడే రాస్తున్నారా?"

"గదిలో గాలి ఆడలేదు." ఆమె పెదవి కొరుక్కుంది. నవ్వు ఆగలేదు. అతను ఆమె నవ్వు చూడటం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఆ ముఖంలో ఇంత నవ్వు ఎక్కడ దాచిందా అనుకున్నాడు. అనుకుంటూ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. కౌంటరు మనిషి గాజు మీద రెండుసార్లు తట్టాక గాని ఈ లోకంలోకి రాలేదు.

పడవ కదలగానే వాన మొదలైంది.

"ఇవాళ వాన రాదని పొద్దున మీరేగా చెప్పారు?" అంది ఆమె గొడుగు విప్పుతూ.

"నేను చెప్పానని వానకి తెలియదు కదండీ," అంటూ గొడుగు కిందికి జరిగాడు. సగం తల గొడుగులో, సగం వానలో. అదే మహాభాగ్యంలా అనిపించింది.

ఇంక గైడులోని గైడు నిద్ర లేచాడు. నది పుట్టుక చెప్పాడు. వంతెన కట్టినవాడి కష్టాలు చెప్పాడు. అవతలి గట్టు మీద ఎర్రటి గుమ్మటం కనపడగానే చెయ్యి చాచి, "అదిగో, చూశారా! పాతకాలపు రాజుల కోట. వేసవిలో రాణులంతా ఇక్కడే..." అంటూ గొంతు గంభీరంగా పెట్టాడు.

పడవ దగ్గరైంది. ఆమె కళ్లు చిట్లించి గోడ మీది ఇంగ్లీషు బోర్డు చదివింది. "నీళ్ల పంపింగ్ స్టేషను."

"రాణులకి మాత్రం నీళ్లు అక్కర్లేదేంటండీ?"

ఆమె పగలబడి నవ్వింది. గాలికి గొడుగు వెనక్కి విరుచుకుంది. ఆ విరిగిన గొడుగుతో కుస్తీ పడుతూ ఇద్దరూ తడిసి ముద్దయ్యారు. పక్కన కూర్చున్న పెద్దావిడ ముచ్చటపడి, గైడు ఫోను అడిగి తీసుకుని మరీ వాళ్లని ఫోటో తీసింది.

కాసేపటికి నవ్వు సద్దుమణిగాక ఆమె నది వైపు చూస్తూ అంది, "నిజం చెప్పనా? ఇంతకుముందు కూడా రెండు మూడు దేశాలు వెళ్లాను. ప్యానెళ్లు తప్ప ఏమీ చూడలేదు."

"మరి ఇవాళేంటి?"

"మా నాన్న టూరిస్టు బస్సు డ్రైవరు. జీవితమంతా జనాన్ని కోటలకీ జలపాతాలకీ తీసుకెళ్లాడు. వాళ్లు చూసి వచ్చేదాకా పార్కింగులో బస్సు తుడుచుకుంటూ ఉండేవాడు. నేను ఊరెళ్లి వచ్చినప్పుడల్లా, ఏం చూశావమ్మా అని అడుగుతాడు. నెట్‌లో చదివి చెప్పేస్తుంటాను. ఎంత ముచ్చటగా వింటాడో! ఈసారి అబద్ధం చెప్పడానికి మనసొప్పలేదు."

చదివి చెప్పడంలో ఆమెకంటే నాలుగాకులు ఎక్కువ చదివినవాడు గైడు. కానీ తన కోతలు తన గొప్ప కోసం. ఆ తేడా తెలిసేసరికి చెవులు వేడెక్కాయి. ఆ ఇబ్బంది లోంచి బయటపడటానికి ఫోను తీశాడు. ఈ ఫోటో చూస్తే బావ నోరు మూతపడుతుందనుకున్నాడు. ఫోటో కింద తడి వేళ్లతో టైపు చేశాడు: 'చివరికి చూసేశాను! పని సంగతి రేపు చూద్దాం!' నొక్కాడు.

పక్కనే ఆమె ఫోను టింగుమంది.

ఆమె తీసి చూసింది. చూసి, మళ్లీ చూసింది. ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"ఇది సైట్ అప్‌డేట్స్ గ్రూపు," అంది నెమ్మదిగా.

ఆ గ్రూపులో మేనేజరున్నాడు. మేనేజరు మీది మేనేజరున్నాడు. స్టోర్సు, అకౌంట్సు, క్యాంటీన్ కాంట్రాక్టరుతో సహా ఆఫీసంతా ఉంది.

"డిలీట్ చేసేస్తానండీ, ఒక్క క్షణం!" అంటూ గైడు కంగారుగా నొక్కాడు. ఫోటో అతని ఫోన్లోంచి మాయమైంది. అతని ఫోన్లోంచి మాత్రమే మాయమైంది. తడబాటులో అతను నొక్కింది 'డిలీట్ ఫర్ మీ'. ఇంక ఆ ఫోటో లోకమంతటికీ కనపడుతుంది, తీయగలిగినవాడికి తప్ప.

"మీకు తెలుసా?" అంది ఆమె. గొంతు పెద్దది చెయ్యలేదు, అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. "ఆడపిల్లని బయటి సైటుకి పంపితే లేనిపోని మాటలొస్తాయని మొదట్లో నన్ను ఏళ్ల తరబడి ఆపారు. ఒక్క మాట రానివ్వనని చెప్పాకే పంపడం మొదలెట్టారు. డిజైన్ టీమ్‌లోకి నా పేరు ఇప్పుడిప్పుడే పరిశీలనకి వచ్చింది. ఇప్పుడు చూడండి."

ఫోను మోగింది. మేనేజరు. గైడు ఫోన్‌కే.

ఈ గండం లోంచి ఆమెని తనే గట్టెక్కించాలనుకున్నాడు గైడు. అతని ఉద్దేశం మంచిదే. తెలివే సమయానికి తోడు రాలేదు.

"సార్, మేడమ్ తప్పేం లేదు సార్. నాకు కడుపునొప్పి. గాలి మారితే తగ్గుతుందని... నేనొక్కణ్ణే... నేను కనపడటం లేదని మేడమ్ వెతుక్కుంటూ వచ్చారు సార్."

"పడవలోకా?" అన్నాడు మేనేజరు. "నవ్వుకుంటూనా?"

ఆమె చెయ్యి చాచి ఫోను లాక్కుంది.

"సార్, ఆయన చెప్పింది అబద్ధం. హీటరు రేపు పొద్దున వస్తుంది. ఈలోపు అక్కడ చేసే పని లేదు. నది చూడాలనిపించి నా అంతట నేనే వచ్చాను. ఆయనా అలాగే వచ్చారు. మీకు చెప్పకుండా రావడం నా తప్పే, ఒప్పుకుంటాను. నది చూడటం మాత్రం తప్పని నేననుకోవడం లేదు. రేపు సాయంత్రానికి మెషిన్ నడవకపోతే అప్పుడు అడగండి."

"రేపు సాయంత్రానికి మెషిన్ నడిచే వీడియో పంపండి," అని మేనేజరు ఫోను పెట్టేశాడు.

ఫోను తిరిగిస్తూ ఆమె, "నా కోసం అబద్ధమాడమని మిమ్మల్ని నేను అడిగానా?" అంది. ఆ తర్వాత గట్టు చేరేదాకా, బస్సులో, హోటల్ లిఫ్టులో కూడా నోరు విప్పలేదు. లిఫ్టులో వాళ్లిద్దరి బట్టల్లోంచి నీటి చుక్కలు పడే చప్పుడు మాత్రం వినిపించింది.

మర్నాడు హీటరు వచ్చింది. గైడు తల వంచుకుని పని మొదలెట్టాడు. నోరు కట్టేసుకున్న గైడుని చూసి మెషిన్ కూడా ఆశ్చర్యపోయి ఉంటుంది. పాత హీటరు తీసి, కొత్తది బిగించి, జా పళ్లు ఒకదానిలో ఒకటి కూర్చున్నాయో లేదో వెలుతురుకి పెట్టి చూసి, మళ్లీ విప్పి, మళ్లీ బిగించాడు. అంత శ్రద్ధగా పని చెయ్యడం తనకి వచ్చునని అతనికే అంతవరకూ తెలియదు.

ఫ్యాక్టరీ పెద్దాయన, ఆయన మనుషులూ చుట్టూ చేరారు. మెషిన్ కదిలింది. మొదటి ప్యాకెట్టు వచ్చింది.

మూతి వంకరే.

అందరూ గైడు వైపు చూశారు. గైడు జా వైపు చూశాడు. సెన్సారు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. "మళ్లీ విప్పుతాను," అన్నాడు స్పానరు అందుకుంటూ.

"ఆగండి."

ఆమె సెన్సారు ముందు మోకాళ్ల మీద కూర్చుంది. ర్యాపరుని మెల్లగా చేత్తో లాగి చూసింది. మళ్లీ లాగింది. చెవుల దాకా ఎర్రబడింది.

"బ్రాకెట్టు పక్కకి జరిగింది. ఈసారి... సెన్సారే," అంది.

నిన్నటి గైడు అయితే ఆ మాట చట్రం కట్టించి గోడకి తగిలించేవాడు. ఇవాళ్టి గైడు, "విమానం పడలేదేమోనండీ దానికి," అన్నాడు భయం భయంగా.

ఆమె నవ్వు ఆపుకోవాలని చూసింది. భుజాలు కదిలిపోయాయి. ఎందుకు నవ్వుతున్నారో తెలియని పెద్దాయన కూడా మర్యాద కోసం నవ్వాడు.

బ్రాకెట్టు సర్ది బిగించారు. ప్యాకెట్లు బుద్ధిమంతుల్లా, మూతులు తిన్నగా పెట్టుకుని రావడం మొదలెట్టాయి. గైడు సంబరంగా వీడియో తీశాడు. పంపబోతుంటే ఆమె ఫోను లాక్కుంది.

"ఇలా ఇవ్వండి. ఏ గ్రూపుకి పంపుతారో మీ మీద నాకు నమ్మకం లేదు."

కాసేపటికి మేనేజరు నుంచి ఆమెకి జవాబొచ్చింది: 'బాగుంది. డిజైన్ ఇంటర్వ్యూకి సిద్ధంగా ఉండండి.' గైడుకి వేరే వచ్చింది: 'కడుపునొప్పి తగ్గిందా?'

తిరుగు ప్రయాణంలో మనసులో మాట చెప్పెయ్యాలని గైడు నిశ్చయించుకున్నాడు. టాక్సీలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, మీకొకటి చెప్పాలి."

"చెప్పండి."

ఆమె అతని కళ్లలోకి సూటిగా చూసింది. అనుకున్న వాక్యాలన్నీ కట్టగట్టుకుని పారిపోయాయి.

"ఈ ఫ్లైఓవరు ఉంది చూశారూ... ఈ దేశంలో కల్లా పొడవైనదండీ."

"ఓహో," అంది ఆమె. ఎందుకో కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

విమానంలో చెబుదామనుకున్నాడు. విమానంలో నిద్రపోయాడు. నోరు తెరుచుకుని, ఆమె భుజం మీద తలపెట్టి, దిగేదాకా నిద్రపోయాడు. అతను లేచాక ఆమె తన భుజం మెల్లగా తడుముకుంది.

సామాను బెల్టు దగ్గర ఆమె పెట్టెలు రెండూ, టూల్ కిట్టూ తనే లాగి ట్రాలీ మీద పేర్చాడు. ఇప్పుడైనా చెప్పాలి, గుమ్మం దాటితే ఎవరి దారి వారిది అనుకుంటూ ట్రాలీ తోసుకుంటూ పోయాడు. అనుకుంటూ ఉండగానే గుమ్మం దాటేశాడు.

బయట ఖాకీ ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఎదురొచ్చాడు. ఆమె పరుగున వెళ్లి ఆయన చెయ్యి పట్టుకుంది. ఆయన గైడుని పైనుంచి కిందిదాకా చూశాడు. బండి కొనేముందు ఇంజను చప్పుడు వినేవాడి చూపు అది.

"ఇతనేనా అమ్మా?"

"ఇతనే నాన్నా."

గైడుకి ఏమీ అర్థం కాలేదు. నమస్కారం పెట్టాలని ట్రాలీ వదిలాడు. అది ముందుకి జారి ఆయన మోకాలికి తగిలింది.

"క్షమించండి అంకుల్! నా గురించి... చెప్పారా మీకు?"

"చెప్పడమా?" ఆయన మోకాలు రుద్దుకుంటూ అన్నాడు. "ఫోను చేసినప్పుడల్లా నిన్ను తిట్టడమే బాబూ. కోతలరాయుడంది. కంగారు మనిషంది. అబద్ధమాడటం కూడా చేతకాదంది. ఫోనులో చార్జింగు అయిపోయేదాకా తిట్టింది."

గైడు ముఖం వాడిపోయింది.

"అందుకే చూద్దామని వచ్చాను," అన్నాడు ఆయన. "మా అమ్మాయి తనకి నచ్చనివాళ్ల గురించి ఒక్క ముక్క కూడా మాట్లాడదు. ఇంతసేపు ఎవర్నీ తిట్టగా నేను వినలేదు."

ఆమె, "నాన్నా!" అని నేల చూపులు చూసింది. గైడు బుర్రలోకి ఆ మాట కాస్త ఆలస్యంగా ఎక్కింది. ఎక్కాక దిగలేదు.

"ఇంతకీ, నీ సామాను ఏది బాబూ?" అన్నాడు ఆయన.

గైడు ట్రాలీ చూశాడు. అందులో ఉన్నవన్నీ ఆమెవే. తన పెట్టె లోపల బెల్టు మీద ఒంటరిగా తిరుగుతూ ఉండి ఉంటుంది.

లోపలికి మళ్లీ పోనివ్వనన్నాడు గార్డు. పక్కన సామాను ఆఫీసులో అడగమన్నాడు. "నేనూ వస్తాను. మీరొక్కరే వెళితే ఇంకెవరి పెట్టో తెస్తారు," అని ఆమె కూడా బయల్దేరింది.

ఆఫీసు కిటికీ ముందు ఇద్దరూ నిలబడ్డారు.

"ఏమేం తిట్టారండీ?" అన్నాడు మెల్లగా.

"చాలా ఉంది. ఒక పూటలో అయ్యేది కాదు."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"వినే ఓపిక ఎంతుందో చెప్పండి, దాన్ని బట్టి."

"నాకు వేరే పనేం లేదండీ," అన్నాడు. తర్వాత ఒక్క గుక్కలో, ఏ వాక్యమూ సిద్ధం చేసుకోకుండా అన్నాడు: "మీరంటే నాకు చాలా ఇష్టం. ఆ రెయిన్‌కోటు లోంచి నవ్వినప్పట్నించీ. ఇది ఎక్కడా చదివి చెప్పడం లేదు."

ఆమె చెమర్చిన కళ్లతో నవ్వింది. కిటికీ అంచు మీదున్న అతని చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది, వేళ్లు తగిలేంత దగ్గరగా.

"సార్," అన్నాడు కిటికీ లోపలి ఉద్యోగి విసుగ్గా. "మీకేం కావాలి?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎందుకొచ్చారో ఇద్దరికీ గుర్తు రాలేదు.